పొయ్యి వెనక గోడకు నల్ల గ్రానైట్ పలక: ఆరేళ్ల వాడకం తరువాత

పొయ్యి వెనక గోడకు వేయించినది మంచిదో కాదో సంక్రాంతికి అరిసెలు వండిన మర్నాడు తెలిసిపోతుంది. వెడల్పు మూకుడు పెడితే దాని అంచు గోడకు నాలుగు వేళ్ల దూరంలోకి వస్తుంది. మంట మూకుడు పక్క నుంచి పైకి లేస్తుంది. గంటల తరబడి నూనె ఆవిరి అంతా ఆ ఒక్కచోటే పేరుకుంటుంది. మా ఇంట్లో ఆరు సంక్రాంతులుగా ఈ పరీక్షకు నల్ల గ్రానైట్ నిలబడింది.

2012లో ఇల్లు కట్టినప్పుడు అక్కడ తెల్లటి సిరామిక్ టైల్స్ వేయించాం. టైలును నేను తప్పుపట్టను. బట్టీలో వెయ్యి డిగ్రీలకు పైగా కాలి వచ్చిన వస్తువును గ్యాస్ మంట ఏం చేస్తుంది? చెడిందల్లా టైలుకూ టైలుకూ మధ్య నింపిన తెల్ల సిమెంటు. రోజూ తాలింపు నుంచి చిందిన నూనె, పసుపు అందులోకి ఇంకి, రెండేళ్లకు పచ్చగా, ఐదేళ్లకు గోధుమ రంగుగా మారింది. వంటసోడాతో, బ్రష్షుతో ఎంత రుద్దినా సిమెంటు అరిగిందే గాని మరక పోలేదు. ఇప్పుడు టైల్సే వేయించుకోవాలనుకునేవారు ఆ సందుల్లో సిమెంటుకు బదులు ఎపాక్సీ గ్రౌట్ (రెజిన్‌తో చేసిన పూత) నింపమని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఖర్చు ఎక్కువే, కాని అది నూనెను పీల్చుకోదు.

మరకలు దాచడానికి కొన్నాళ్లు అల్యూమినియం స్టిక్కరు అతికించాను. ఆవిరికి జిగురు వదిలి అంచులు లేచాయి. ఒకరోజు లేచిన అంచు మంట వైపు వంగి కనిపించింది. వెంటనే స్టవ్ ఆపి మొత్తం పీకేశాను. చవకగా వస్తాయని కొందరు పీవీసీ ప్యానెళ్లు వేయిస్తున్నారు. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాలితే విషపు పొగ వదులుతుంది. దయచేసి పొయ్యి వెనక మాత్రం వద్దు.

2019లో పాత టైల్స్ కొట్టించి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పెట్టించాం. నల్ల రాతిలో బంగారు చుక్కలుండే రకం. ఏడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు, 18 మిల్లీమీటర్ల మందం, మొత్తం ఒకటే పలక. దాదాపు 70 కిలోల బరువు కాబట్టి నలుగురు పట్టి గట్టు మీద ఆనించి నిలబెట్టారు. అతుకు లేకపోవడమే దీనిలో గొప్ప. రాత్రి వంట అయ్యాక గిన్నెల సబ్బు కలిపిన వేడి నీళ్లతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. ఇన్నేళ్లలో పగులు గాని, రంగు మార్పు గాని లేదు. లేత రంగు గ్రానైట్‌లో కొన్ని రకాలు నూనె పీల్చి మచ్చపడతాయి. ముదురు రంగు తీసుకోమనేది అందుకే.

లోపాలూ ఉన్నాయి. మా బోరు నీళ్ల చుక్కలు ఆరితే తెల్లటి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. వంటగది కాస్త చీకటిగా అనిపించి, పై అల్మరా కింద ఎల్ఈడీ దీపం పెట్టించుకోవలసి వచ్చింది.

వెలుగు కావాలనుకుంటే మా అక్క పద్ధతి బాగుంటుంది. వాళ్లింట్లో నాలుగేళ్లుగా మీగడ రంగు టఫెన్డ్ గాజు (కాల్చి గట్టిపరచిన గాజు) ఉంది. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దంలా ఉంటుంది. అయితే టఫెన్డ్ చేసిన గాజును మళ్లీ కోయడం గాని, దానికి రంధ్రం వేయడం గాని కుదరదు. స్విచ్‌బోర్డు కొలత అంగుళం తప్పడంతో వాళ్లు పలక మొత్తం మళ్లీ చేయించుకోవలసి వచ్చింది. చవక అని మామూలు గాజు మాత్రం పెట్టవద్దు. ఒకచోట వేడెక్కి, పక్కన చల్లగా ఉంటే అది పగులుతుంది.

మా పలక గట్టును కలిసేచోట నింపిన సిలికాన్ నిరుడు పొయ్యి వెనక రెండడుగుల మేర ఎండి చీలింది. గీకి మళ్లీ పెట్టించాను. ఆరేళ్లలో ఈ గోడ మీద చేయించిన మరమ్మతు అదొక్కటే.