తకమత్సులో రెండు వందల యెన్ల మ్యూజియం, రెండు వేల యెన్ల దోపిడీ

లాడ్జి సంగతి ముందు చెప్పేస్తాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. జపాన్‌లోని తకమత్సు ఊళ్ళో, రేవు దగ్గర ఒక రాత్రికి నాకూ నాన్నకీ కలిపి 13,800 యెన్లు కట్టి గది తీసుకున్నాను. నాన్నకి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. లిఫ్టు ఉందని, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని రాసి ఉంటేనే బుక్ చేశాను. మేం చేరేసరికి రెండూ నలభై. గది మూడింటికి గానీ ఇవ్వరట. ఆ ఇరవై నిమిషాలకి మనిషికి వెయ్యి చొప్పున 2,000 యెన్లు అడిగాడు కౌంటర్లో మనిషి. కూర్చుని ఆగుదామంటే అక్కడ కుర్చీ లేదు. నాన్న అప్పటికే గోడకి ఆనుకుని నిలబడ్డారు. కట్టేశాను.

తీరా చూస్తే గది మూడో అంతస్తులో, లిఫ్టు పక్క బిల్డింగులో. కిటికీ తీస్తే చేతికందే దూరంలో ఎవరిదో ఏసీ డబ్బా. ఫోటో చూపించి అడిగితే "అది నమూనా గది" అన్నాడు. నాన్న గొడవ వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కారు. రాత్రి నేను కోబె నుంచి తెచ్చిన పెరుగన్నం రెండు ముద్దలు తిని, "నా కోసం ఇంత ఖర్చెందుకమ్మడూ" అని అటు తిరిగి పడుకున్నారు. రేవు దగ్గర గది తీసుకునేవాళ్ళు ముందు ఫోన్ చేసి, మీకిచ్చే గదికే లిఫ్టు ఉందా అని అడగండి.

ఊరు మాత్రం నాన్న కోసమే ఎంచుకున్నాను. విజయవాడలో ఒక వారపత్రిక డెస్కులో 34 ఏళ్ళు పనిచేశారాయన. ఎవరెవరి కథలో దిద్దారు, హెడ్డింగులు పెట్టారు, ఒక్కచోటా తన పేరు పడలేదు. జపాన్‌లో ఒక ఎడిటర్‌కి మ్యూజియం కట్టారంటే ఆయన నమ్మలేదు.

ఆ ఎడిటర్ కికుచి కాన్. 1888లో ఈ తకమత్సులోనే పుట్టాడు. ఆయన మ్యూజియం సన్ క్రిస్టల్ తకమత్సు అనే భవనంలో మూడో అంతస్తు, కింద నగర గ్రంథాలయం. టికెట్ 200 యెన్లు. సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. ఇక్కడ లిఫ్టు మన గుమ్మం దాకా వస్తుంది.

గంటలో అయిపోతుందనుకున్నాను, మూడు గంటలు పట్టింది. ఆయన చదువుకునే గదిని మళ్ళీ కట్టి పెట్టారు. నాన్న ఆగిపోయింది చేతిరాత ప్రతుల దగ్గర. ఒక్క అక్షరం చదవలేరు, అయినా గాజుకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, "ఇదిగో, ఇక్కడ కొట్టేశాడు. పక్కన కలిపాడు చూడు" అని వేలితో చూపించారు. అక్షరానికో గడి చొప్పున ఆ కాగితానికి మామూలుగా 400 గళ్ళుంటాయని చెబితే ముఖం వెలిగింది. "అంటే పేజీ చూడగానే ఎంత మేటరో తెలిసిపోతుంది! మేం పంక్తులు లెక్కపెట్టి చచ్చేవాళ్ళం."

నేను చదివినదల్లా తెలుగులో చెబుతూ పోయాను. కికుచి స్నేహితుడి దొంగతనం తన మీద వేసుకుని, 1913లో పట్టా చేతికందే ముందు టోక్యోలో చదువు పోగొట్టుకున్నాడు. తర్వాత క్యోటోలో చదివి, పత్రికా విలేకరిగా చేరి, నాటకాలూ నవలలూ రాసి పేరు తెచ్చుకున్నాడు. 1923 జనవరిలో సొంత డబ్బుతో బుంగే షుంజూ అనే పత్రిక మొదలుపెట్టాడు. 28 పేజీలు, వెల 10 సెన్లు, అంటే యెన్‌లో పదో వంతు. ఒకరు అడిగితే రాయడం విసుగొచ్చింది, ఎవరి మొహమాటమూ లేకుండా అనుకున్నది చెప్పాలనుంది అని మొదటి సంచికలోనే రాసుకున్నాడు. ఇది చెప్పగానే నాన్న అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయారు.

1927లో అకుతగావా, 1934లో నవోకి పోయారు. ఇద్దరూ ఆయన స్నేహితులు, ఆయన పత్రికకి రాసినవాళ్ళు. ఆ ఇద్దరి పేరుతో 1935లో పెట్టిన బహుమతులే ఇవాళ జపాన్ రచయితలు ఎదురుచూసే అకుతగావా, నవోకి బహుమతులు. గెలిచినవాళ్ళకి అప్పట్లో జేబు గడియారం, 500 యెన్లు. గడియారం ఇప్పటికీ ఇస్తారు. తన పేరు పెట్టుకోలేదని నాన్న రెండుసార్లు అన్నారు. 1938లో రచయితలను వెంటేసుకుని చైనా యుద్ధరంగానికి వెళ్ళిన సంగతీ దాచకుండా చెప్పాను. యుద్ధం తర్వాత 1947లో ఆయన్ని పదవులకు అనర్హుడన్నారు, మరుసటేడే పోయాడు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పని తప్పే" అన్నారు చివరికి.

బయటికొచ్చాక ఉడాన్, అంటే గోధుమపిండితో చేసే లావు నూడుల్స్. ఈ ఊళ్ళో పులుసంతా ఎండుచేపలతో కాస్తారు, శాకాహారులు జాగ్రత్త. "కిజోయు" అని అడగండి: ఉడికించిన ఉడాన్ మీద పచ్చి సోయా సాస్, ముల్లంగి తురుము, అంతే. 380 యెన్లు. కొట్టు పెద్దావిడ నాన్నని చూసి ఇంకో గుప్పెడు ఉల్లికాడలు వేసి, డబ్బులు తీసుకోలేదు. నిన్న రాత్రి రెండు ముద్దలు తిన్న మనిషి గిన్నె ఖాళీ చేశారు. సాయంత్రం సెంట్రల్ పార్కులో కికుచి విగ్రహం చూశాం, బాగుంది.

స్టేషన్లో నాన్న బుంగే షుంజూ కొత్త సంచిక కొనిపించుకున్నారు. ఒకయామా రైలు సముద్రం మీది వంతెన ఎక్కింది. దీవులు చూడమంటే చూడలేదు. పత్రిక వెనక పేజీలు తిప్పుతూ, "ఎడిటర్ పేరు ఎక్కడేస్తారమ్మడూ?" అన్నారు. వెతికి చూపించాను. ఆ చిన్న అక్షరాల కింద బొటనవేలు పెట్టి అలాగే పట్టుకున్నారు, వంతెన దాటేదాకా.