గన్నవరం నుంచి ఢిల్లీ టీ3 మీదుగా విదేశానికి: వెళ్లేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు టైమ్ ఉంచుకోండి

గుంటూరు, విజయవాడ వాళ్లు అమెరికాకో యూరప్‌కో వెళ్లాలంటే ఇప్పటికీ కారు మాట్లాడుకుని శంషాబాద్ దారి పడతారు. ఐదారు గంటల రోడ్డు అది. గన్నవరంలో ఎక్కి ఢిల్లీ టెర్మినల్ 3లో మారడం అంతకంటే ఎంతో నయం, ముఖ్యంగా పెద్దవాళ్లకి. ఒక్కటే షరతు: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే ఢిల్లీలో సామాను దింపుకుని బయటికొచ్చి మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బుకి ఎవరూ పూచీ పడరు.

ఎయిరిండియా అంతర్జాతీయ విమానాలూ, దేశీయ విమానాల్లో చాలావరకూ టీ3లోనే ఉండటం పెద్ద సౌకర్యం. గన్నవరం కౌంటర్‌లోనే రెండు బోర్డింగ్ పాసులూ అడిగి తీసుకోండి. సూట్‌కేసుకి కట్టిన ట్యాగ్ మీద పెద్దక్షరాలు చదవండి. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేవాళ్లకి ఎస్ఎఫ్ఓ అని ఉండాలి. డీఈఎల్ (ఢిల్లీ కోడ్) ఒక్కటే కనిపిస్తే బ్యాగు లోపలికి కదలకముందే మార్పించుకోండి.

ఢిల్లీలో దిగాక జనం వెంట సామాను వచ్చే బెల్టు వైపు వెళ్లిపోవద్దు. ఇంటర్నేషనల్ ట్రాన్స్‌ఫర్స్ బోర్డు చూసుకుంటూ నడవాలి. ముందు ఇమిగ్రేషన్, ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ. గన్నవరంలో చెకింగ్ అయిందిగా అంటే కుదరదు, ఇక్కడి నుంచి అంతర్జాతీయ నిబంధనలు. ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించని సీసాల్లో, అన్నీ కలిపి లీటరు పట్టే జిప్ కవర్లో ఉండాలి. చూసేది సీసా సైజునే. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కాస్తే మిగిలినా తీసి పక్కన పెట్టేస్తారు.

మన సామానుతోనే అసలు ఇబ్బంది. ఆవకాయ, గోంగూర, నెయ్యి, కారప్పొడి అన్నీ చెకిన్ బ్యాగులోకే వెళ్లాలి. పచ్చడి కొట్టువాళ్లకి విదేశానికని చెప్పి నూనె కారకుండా సీల్ వేయించండి. ఎండుకొబ్బరి కురిడీలు మాత్రం చెకిన్‌లో పెట్టనివ్వరు. నూనె సరుకు కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పవర్ బ్యాంకుది తిరగేసిన లెక్క: చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్స్ దాటకూడదు. మామూలు 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వస్తుంది, ఇబ్బంది లేదు. దాని మీద అంకెలు చెరిగిపోతే మాత్రం ఆపేస్తారు.

తిరుగు ప్రయాణానికి అంత మంచి మార్కులు వేయలేం. ట్యాగ్ మీద వీజీఏ (గన్నవరం కోడ్) అని ఉంది కదా, సామాను నేరుగా గన్నవరం వస్తుందని చాలామంది బెల్టు దాటి వచ్చేస్తారు. దేశంలో మొదట దిగిన చోటే కస్టమ్స్ జరగాలి. అందుకే ఎయిర్‌లైన్ వాళ్లు ప్రత్యేకంగా వేరే చెబితే తప్ప ఢిల్లీలో బ్యాగు దింపుకోవాలి, కస్టమ్స్ దాటాలి, ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో మళ్లీ ఇవ్వాలి, మళ్లీ సెక్యూరిటీకి నిలబడాలి. డ్యూటీ ఫ్రీ సీసాలు కొంటే ఆ కౌంటర్‌కి ముందే సూట్‌కేసులో సర్దేయండి. రెండు గంటల గ్యాప్‌తో టికెట్ అమ్ముతున్నా కొనొద్దు. నాలుగు గంటలుంటేనే నిశ్చింత, ఎందుకంటే బెల్టు మీదికి సామాను ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు.

ఇమిగ్రేషన్ లైనుకైతే మందుంది. కేంద్ర హోంశాఖ ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం 2024 జూన్‌లో టీ3లోనే మొదలైంది, 2025 జనవరిలో హైదరాబాద్‌కీ వచ్చింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లూ, ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డున్నవాళ్లూ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము లేదు. ఆమోదం వచ్చాక వేలిముద్రలు, ముఖం ఫొటో ఒకసారి ఇవ్వాలి. ఐదేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఈ-గేటు దగ్గర పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి ముఖం చూపిస్తే చాలు. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకి వర్తించదు. అమ్మానాన్నల్ని పంపుతుంటే వాళ్లిద్దరి పేరా విడిగా దరఖాస్తు పెట్టండి.