బోరు మ్యాప్‌కి ఏహెచ్‌పీ మేలా, రాండమ్ ఫారెస్ట్ మేలా? ఎంటెక్ థీసిస్ మొదలుపెట్టేవాళ్ల కోసం

"అన్నా, టాపిక్ ఫిక్స్ అయింది, భూగర్భజలాల మ్యాప్. ఏహెచ్‌పీతో చేయమంటావా, రాండమ్ ఫారెస్ట్‌తో చేయమంటావా? ఏహెచ్‌పీ పాతబడిపోయింది, దాంతో పేపర్ పడదని అందరూ అంటున్నారు." ప్రతి ఏడాదీ జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాప్‌లు కలిపి చూసే చదువు) జూనియర్లలో ఒకరిద్దరు ఇదే అడుగుతారు. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడొచ్చో చూపించే మ్యాప్‌ని నేను ఒకే ప్రాంతానికి ఈ రెండు పద్ధతుల్లోనూ చేశాను, రెండింట్లోనూ చీవాట్లు తిన్నాను, కాబట్టి ఒకసారి వివరంగా రాసేస్తే మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పుతుంది.

నా స్టడీ ఏరియా ఉమ్మడి అనంతపురం జిల్లాలో కదిరి, ధర్మవరం మధ్య కొన్ని మండలాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్లు, కదిరి దగ్గర ఒక షిస్ట్ (పొరలు పొరలుగా ఉండే రాయి) బెల్ట్. ఇలాంటి గట్టి రాయిలో నీళ్లు రాయి మొత్తంలో ఉండవు. పైన మెత్తబడిన పొరలోనో, లోపలి పగుళ్లలోనో ఉంటాయి. పక్కపక్క పొలాల్లో ఒకడికి రెండించుల నీళ్లు పడితే ఇంకొకడికి దుమ్ము లేస్తుంది. మ్యాప్ చేయాల్సింది ఇలాంటి చోట.

ఏహెచ్‌పీ గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. థామస్ సాటీ 1970లలో తయారుచేసిన పద్ధతి. లేయర్లను (రాయి, వాలు లాంటి ఒక్కోదానికి ఒక్కో మ్యాప్) రెండేసి తీసుకుని దీనికన్నా అది ఎన్ని రెట్లు ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకె వేస్తారు, ఆ అంకెల పట్టిక నుంచి ఒక్కో లేయర్‌కి ఎంత బరువో తేలుతుంది, ఆ బరువులతో లేయర్లన్నీ ఒకదానిమీద ఒకటి కలుపుతారు. రాండమ్ ఫారెస్ట్ 2001లో లియో బ్రైమన్ ఇచ్చింది. దానికి బరువులు మీరు చెప్పరు. నీళ్లు పడిన బోర్లు, పడని బోర్లు చూపిస్తే వందల కొద్దీ డెసిషన్ ట్రీలు (అవునా కాదా అనే ప్రశ్నల చెట్లు) కట్టుకుని అదే నేర్చుకుంటుంది. అంటే మొదటిదానికి మనిషి తీర్పు కావాలి, రెండోదానికి జరిగిన సంగతుల లెక్క కావాలి. మీ దగ్గర ఈ రెండింట్లో ఏది నిజంగా ఉందో చూసుకోకుండా పద్ధతి ఎంచుకోవడం దగ్గరే చాలా థీసిస్‌లు దెబ్బతింటాయి, నాది కూడా.

మొదట ఏహెచ్‌పీతో తిన్న దెబ్బ చెప్తాను. రాయి రకం, భూరూపాలు, లీనియమెంట్ (నేలలో పగుళ్ల జాడ చూపే పొడవాటి గీత) సాంద్రత, వాలు, వాగుల సాంద్రత, నేల రకం, భూ వినియోగం అని ఏడు లేయర్లు పెట్టుకున్నాను. ఏడంటే 21 పోలికలు. నేను ఎవరినీ అడగలేదు, ఇంకో రాష్ట్రం మీద వచ్చిన పేపర్ లోంచి పట్టిక దించేశాను. కన్సిస్టెన్సీ రేషియో, అంటే వేసిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చెప్పే కొలత, 0.1 లోపు ఉండాలి; అది 0.1 లోపే వచ్చింది, రాదా మరి, వాళ్లు సరిచూసుకున్నదే కదా. రివ్యూలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒకే ప్రశ్న వేశారు: "లీనియమెంట్‌కి ఈ బరువు ఎవరిచ్చారు బాబూ?" పేపర్‌లో ఉంది సార్ అన్నాను. "ఆ పేపర్ రాసినాయన కదిరి చూశాడా?" అన్నారు. ఏసీ రూమ్‌లో చెమట పట్టడం అంటే ఏంటో అప్పుడే తెలిసింది.

తర్వాత బుద్ధి తెచ్చుకుని ముగ్గురిని అడిగాను. ఒక రిటైర్డ్ జియాలజిస్టు, ఒక రైతు, పదిహేనేళ్లుగా బోరు బండి నడిపే ఒకాయన. బోరు బండాయనతో టీ కొట్టు బల్ల మీద కాగితం పెట్టి కూర్చున్నాను. పగుళ్లు ముఖ్యమా, రాయి రకం ముఖ్యమా అంటే పగుళ్లే, మూడు రెట్లు అన్నాడు. రాయికీ వాలుకీ మధ్య అయితే రాయి, మూడు రెట్లు. మరి పగుళ్లకీ వాలుకీ? "రెండు వేసుకో సార్" అన్నాడు. లెక్క చూస్తే తొమ్మిది దగ్గరికి రావాల్సిన చోట రెండు వచ్చింది. ఈ మూడింటికే కన్సిస్టెన్సీ రేషియో 0.22, అంటే ఉండాల్సినదానికి రెట్టింపు పైన. మర్నాడు మళ్లీ వెళ్లి, వాలుకి అంత విలువ ఎందుకిచ్చావన్నా అని అడిగితే, "ఏట్లో అయినా దిగుతుంది గానీ గట్టు మీదికి బండి ఎక్కదు కదా సార్" అన్నాడు! నేను నీళ్లు ఇంకడం గురించి అడుగుతుంటే ఆయన లారీ ఎక్కడం గురించి చెప్పాడు. విడమరిచి అడిగితే ఐదు అన్నాడు. రేషియో 0.03కి దిగింది, వాలు బరువు 16 శాతం నుంచి 10 శాతానికి పడింది. పేపర్ లోంచి పట్టిక దించుకునేవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఏహెచ్‌పీ విలువంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. రేషియో తేడా వచ్చిందంటే తప్పు లెక్కది కాకపోవచ్చు, ప్రశ్నది కావచ్చు. చాలామంది అంకెలు అటూ ఇటూ జరిపి 0.1 లోపలికి తెచ్చేస్తారు, మనుషుల దగ్గరికి తిరిగి వెళ్లరు.

ఇక రాండమ్ ఫారెస్ట్. దీనికోసం ఎండాకాలం రెండు నెలలు బైక్ మీద తిరిగి 151 బోర్ల పాయింట్లు జీపీఎస్‌లో పట్టాను. మోడల్ మొదటిసారే 93 శాతం అక్యురసీ చూపించింది. ఆ రాత్రి ఫ్రెండ్స్‌కి బిర్యానీ కూడా పెట్టించాను. రెండ్రోజుల తర్వాత డేటా మళ్లీ చూసుకుంటే 151లో 140 నీళ్లున్నవి, ఫెయిలైనవి 11. కళ్లు మూసుకుని 'అన్నిచోట్లా నీళ్లున్నాయి' అని చెప్పినా 93 శాతం వస్తుంది! మోడల్ నిజంగానే ఇంచుమించు అదే చెప్తోంది.

ఫెయిలైనవి అంత తక్కువెందుకు? ఎవరూ చూపించరు. ఫెయిలైన బోరు మీద బండరాయి పెట్టేస్తారు, లేదా పూడ్చి దున్నేస్తారు. అడిగితే, "అది చూసి ఏం చేస్తావు నాయనా, అప్పు ఇంకా తీరనే లేదు" అన్నాడు ఒక పెద్దాయన, ఇంక నేనేం అడగను. ఈ పద్ధతికి అన్నిటికన్నా ముఖ్యమైన డేటా ఏదో, సరిగ్గా అదే దొరకదు. అప్పుడు చాలామంది మ్యాప్‌లో ఇష్టమొచ్చిన చోట పాయింట్లు చల్లి 'నీళ్లు లేవు' అని పేరు పెట్టేస్తారు. అక్కడ ఎవరూ బోరే వేయలేదు, నీళ్లు లేవని మీకెలా తెలుసు? పైగా బోరు ఉన్నచోటల్లా ఒకప్పుడు ఎవరి దగ్గరో డబ్బు ఉంది, కరెంటు లైను దగ్గర్లో ఉంది. మోడల్ నేర్చుకునేది నీళ్ల గురించి ఎంతో, డబ్బు గురించి కూడా అంతే.

ఇంకో మోసం ఉంది, ఇది మరీ నిశ్శబ్దంగా జరుగుతుంది. నా పాయింట్లన్నీ రోడ్డు పక్క ఊళ్లలో గుంపులు గుంపులుగా ఉన్నాయి. 70 శాతం ట్రైనింగ్‌కి (మోడల్‌కి నేర్పడానికి), 30 శాతం టెస్టింగ్‌కి అని కలగలిపి విడదీస్తే, టెస్ట్ బోరు పక్కన యాభై అడుగుల్లోనే ట్రైనింగ్ బోరు ఉంటుంది. దగ్గరివి ఒకేలా ఉంటాయని భూగోళ శాస్త్రవేత్త టోబ్లర్ 1970లోనే చెప్పాడు, జీఐఎస్ మొదటి క్లాసులో అందరం బట్టీపట్టినదే. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసినట్టే ఇది. అలా చేసినప్పుడు నా ఏయూసీ (నీళ్లున్న బోరునీ లేనిదాన్నీ మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే కొలత, గరిష్ఠం 1) 0.91. కొన్ని ఊళ్లను మొత్తంగా పక్కన పెట్టి, వాటిమీదే టెస్ట్ చేస్తే 0.66. నాణెం ఎగరేస్తే 0.5 వస్తుందని గుర్తుంచుకోండి. పబ్లిష్ అయిన పేపర్లలో ఈ తేడా చూపించేవి నాకు తక్కువే కనిపించాయి.

వాన లేయర్ సంగతి కూడా చెప్పాలి. ఐఎండీ (వాతావరణ శాఖ) గళ్లుగళ్లుగా ఇచ్చే వాన డేటాలో గడి 0.25 డిగ్రీలు, అంటే ఇంచుమించు 27 కిలోమీటర్లు. ఒక మండలానికి ఒకటో రెండో గడులు వస్తాయి. ఏహెచ్‌పీలో దానికి బరువు ఇస్తే మండలమంతా ఒకే మార్కు కలుస్తుంది, లాభం లేదు, పెద్ద నష్టమూ లేదు. రాండమ్ ఫారెస్ట్‌లో మాత్రం, మోడల్ ఏ లేయర్‌ని ఎంత వాడుకుందో చెప్పే ఇంపార్టెన్స్ పట్టికలో వాన రెండో స్థానంలోకి వచ్చి కూర్చుంది! అది చూసి వాన ప్రభావం ఎక్కువని ఒక పేజీ రాసేశాను కూడా. అసలు మోడల్ వాన గడిని అడ్డం పెట్టుకుని ఊళ్ల గుంపులను గుర్తుపడుతోంది, అంతే. ఆ లేయర్ తీసేశాను, పేజీ కూడా.

అయితే రాండమ్ ఫారెస్ట్ పనికిరాదని కాదు. కొండచరియలు విరిగిపడే చోట్ల మ్యాప్ అయితే నేను రెండో ఆలోచన లేకుండా దాన్నే తీసుకుంటాను. చరియ పడితే మచ్చ శాటిలైట్ బొమ్మలో కనిపిస్తుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఎన్ఆర్ఎస్సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) 2023లో ఇచ్చిన ల్యాండ్‌స్లైడ్ అట్లాస్‌లో 1998 నుంచి 2022 దాకా దేశంలో నమోదైనవి దాదాపు 80,000. పంటల గుర్తింపు, సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్‌తో వరద మ్యాప్, వీటికీ అంతే. జరిగిందా లేదా అన్నది పైనుంచి కనిపించే పని ఏదైనా దానికి ఇవ్వండి. బోరు పైనుంచి కనిపించదు.

ఖర్చు, సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. రెండూ క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో, పైథాన్‌లో ఉచితంగా అవుతాయి, ఇస్రో వెబ్‌సైట్ భువన్‌లో 30 మీటర్ల కార్టోడెమ్ (నేల ఎత్తుల డేటా) దొరుకుతుంది, జీఎస్ఐ (భూగర్భ సర్వే సంస్థ) వెబ్‌సైట్ భూకోశ్‌లో జియాలజీ మ్యాప్ దొరుకుతుంది. టైమ్ తినేది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాప్ మీదికి తెచ్చే లెక్క. దానికి వాడే యూటీఎమ్ పద్ధతిలో భూమిని జోన్లు అనే నిలువు పట్టీలుగా విడదీస్తారు, ఆ జోన్ 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మారుతుంది, ధర్మవరం 43లోకి, కదిరి 44లోకి పోతాయి. అన్నీ ఒకే జోన్‌లోకి తెచ్చుకోకపోతే వాగులు ఒక చోట, వాలు ఒక చోట తేలతాయి. రెండ్రోజులు పోయాయి నాకు.

ఏది మేలు అని నిలబెట్టి అడిగితే, ఎంటెక్‌లో ఉండే ఏడాదిలో, ఫెయిలైన బోర్ల లెక్క నమ్మకంగా దొరకని మన గట్టి రాయి ప్రాంతాలకి నేను ఏహెచ్‌పీనే అంటాను. కాకపోతే మూడు షరతులు: బరువులు ఆ ఊరు తెలిసినవాళ్లను కూర్చోబెట్టి తెచ్చుకోవాలి, బరువుల్ని అటూ ఇటూ పది శాతం మార్చి మ్యాప్‌లో ఏ గడులు క్లాస్ ('మంచిది', 'చాలా మంచిది' లాంటివి) మారుతున్నాయో చూపించాలి, దొరికిన బోర్లతో ఊళ్లవారీగా సరిచూడాలి. నా మ్యాప్‌లో బరువులు మార్చినప్పుడు 'చాలా మంచిది' అన్న ప్రాంతం సరిహద్దులే కదిలాయి, నడిమధ్య భాగాలు కదల్లేదు. ఎగ్జామినర్‌కి చివరికి నచ్చింది ఆ ఒక్క బొమ్మే. ఇంకో లాభం, మండల ఆఫీసులో ఇంజనీరు "ఇక్కడే చెక్ డ్యామ్ ఎందుకు?" అంటే బరువు మార్చి ఆయన కళ్లముందే మ్యాప్ మళ్లీ వేసి చూపించవచ్చు. రాండమ్ ఫారెస్ట్ అయితే, 500 చెట్లు ఓటేశాయి సార్ అనాలి. అలా అని చూడండి ఒకసారి.

ఫెయిలైనవాటితో సహా రెండు మూడు వందల బోర్ల నమ్మకమైన రికార్డు మీకు ఎక్కడైనా దొరికితే మాత్రం నా మాట పక్కన పెట్టి రాండమ్ ఫారెస్ట్ చేసుకోండి, ఊళ్లవారీగా టెస్ట్ చేయడం మర్చిపోవద్దు. రెండూ చేసి పోల్చేస్తే పోలా అని కొందరు అంటారు, మంచిదే, కానీ ఒక ఏడాదిలో రెండూ సగం సగం అవుతాయి.

మ్యాప్ పూర్తయ్యాక ప్రింట్ తీసి ఆ బోరు బండాయనకి, రైతుకి చూపించాను. ముదురు నీలం గడి మీద రైతు వేలు పెట్టి, "ఇది నా చేనే. ఇందులో ఎక్కడ వేయాల?" అన్నాడు. ఒక గడి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. అందులో పాయింట్ ఎక్కడో నా మ్యాప్ చెప్పదు, రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీళ్ల జాడ చూసే పరీక్ష) చేయించుకో పెద్దాయనా అన్నాను. బోరు బండాయన నవ్వి, "దానికన్నా ముందు కొబ్బరికాయ పెట్టి చూసే ఆయన్ని పిలుస్తాడు లే సార్" అన్నాడు.