సర్వే నేర్పడానికి ఏది మేలు: గూగుల్ ఫారమా, ముఖాముఖి ప్రశ్నావళా?

డిగ్రీ చదువులో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు భాగమైన నాటి నుంచి గుంటూరు, విజయవాడ కళాశాలల్లో సర్వే చేయని విద్యార్థి అరుదు. ఆ పనిని ఫోనులోని ఫారంతో మొదలుపెట్టించాలా, కాగితం చేతికిచ్చి జనం మధ్యకు పంపాలా అన్నది మాత్రం అధ్యాపకులు తేల్చుకోవలసిన విషయం.

ఫారానికి ఖర్చు లేదు, జవాబులు వాటంతటవే పట్టికలోకి చేరుతాయి, ప్రతి ప్రశ్ననూ తప్పనిసరి అని పెడితే వదిలేసిన ప్రశ్నలు ఉండవు. అయితే ఆ లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి చివరకు తోటి విద్యార్థుల దగ్గరే ఆగుతుంది. జవాబులు ఎక్కువ వస్తే ఆ లోపం పూడుతుందనుకోవడం పొరపాటు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో దాదాపు 24 లక్షల మంది జవాబులు చేతిలో ఉన్నా లిటరరీ డైజెస్ట్ పత్రిక రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని చెప్పింది. ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లూ కార్లూ ఉన్నవారి జాబితాల మీద ఎక్కువగా ఆధారపడటం, అడిగినవారిలో అధికులు బదులివ్వకపోవడం ఆ పత్రికను ముంచాయి.

ముఖాముఖిలో ముందుగా బయటపడేది ప్రశ్నలోని తప్పు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన కూర్చున్న రైతును ‘మీ నెలసరి ఆదాయం ఎంత?’ అని అడిగితే, ‘మాకు నెలనెలా వచ్చేదేముంది బాబూ, కాయ అమ్ముకుంటేనే డబ్బు’ అంటాడు. ‘ధర, కాటా మీకు సంతృప్తికరంగా ఉన్నాయా?’ అంటే, ‘కాటా బాగానే ఉంది, ధరే లేదు’ అంటాడు. అవును దగ్గర టిక్కు పెట్టాలో, కాదు దగ్గర పెట్టాలో తెలియక విద్యార్థి బిక్కమొహం వేస్తాడు. రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేశామని అతనికి అక్కడ ఎవరూ చెప్పనక్కరలేదు. అదే ఫారంలో అయితే రైతు ఏదో ఒకటి నొక్కేసేవాడు, ఆ తప్పు చక్కని రంగుల గ్రాఫుగా ప్రాజెక్టు నివేదికలోకి ఎక్కేది.

ముఖాముఖికి సమయం ఎక్కువ పడుతుంది, ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి జవాబూ మారుతుంది. కమీషన్ వ్యాపారి పక్కనే ఉంటే అప్పు సంగతి రైతు నోట రాదు. (హాస్టల్ గది దాటకుండానే కాగితాలన్నీ నింపేసే ఘనులు ఎలాగూ ఉంటారు, ఆ బెడద ఫారంలోనూ తప్పదు.)

నా మట్టుకు, మొదటిసారి సర్వే చేసేవారికి ముఖాముఖే మేలు. పదిమందిని అడిగి, తడబడిన ప్రతి ప్రశ్ననూ తిరగరాసిన తరువాతే ఫారం తయారు చేయించాలి. సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార విస్తీర్ణాన్ని అంచనా కట్టేటప్పుడు సైతం ముందు చిన్న నమూనా సర్వేలు చేసి చూసుకున్న తరువాతే పెద్ద సర్వేకు దిగారు. ఒక్క మినహాయింపు: ర్యాగింగ్ వంటి విషయాల మీద తోటి విద్యార్థులనే అడగవలసి వస్తే, పేరు అడగని ఫారంలోనే నిజం ఎక్కువగా బయటికి వస్తుంది.