ర్యాగింగ్ పాఠానికి వీఆర్ కథా, క్లాసులో నాటికా?

విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు ఒక స్కూల్లో రెండూ చూశాను.

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే చుట్టూ దృశ్యం కనిపించేలా కళ్లకు తగిలించే పరికరం, పెట్టుకుంటే, తోటివాళ్లు ఏడిపిస్తున్న పిల్లాడి కళ్లతోనే కథంతా చూస్తాం. "ఒరేయ్ బొండాం" అని నలుగురూ నవ్వుతుంటే, తల ఎటు తిప్పినా అవే మొహాలు. ఏడో తరగతి వాడొకడు రెండు నిమిషాలకే తీసేసి, నుదుటి చెమట తుడుచుకుంటూ "టీచర్, వీళ్లు ఆగరా?" అన్నాడు. నాటికలో ఆ మాట ఎవరి నోటా రాలేదు. అక్కడ ఏడిపించే వేషానికే గిరాకీ, చప్పట్లూ వాడికే!

కానీ నలభై మందికి ఒక్క హెడ్‌సెట్ అంటే వంతు వచ్చేసరికి బెల్లు కొడతారు. పైగా మెటా క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లు 10 ఏళ్ల లోపు పిల్లలకు కావు. కొందరికి తల తిరుగుతుంది కూడా.

నాటికకు ఖర్చు లేదు. మధ్యలో ఆపి, చూస్తూ కూర్చున్నవాణ్ణి లేపి "నువ్వైతే ఏమంటావురా?" అని అడగొచ్చు. అడ్డుపడే మాట నోటికి అలవాటయ్యేది అలాగే.

నన్నడిగితే, ఏడిపించేవాడికి వీఆర్, చూసి ఊరుకునేవాళ్లకు నాటిక. నిజంగా దెబ్బతిన్న పిల్లాడికి మాత్రం రెండూ వద్దు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వినాలి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.