శ్రీకాకుళం పాత బస్టాండ్ దగ్గర దరఖాస్తులు రాసే షాపు: నాలుగు స్టార్లు

బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలవాళ్లు ఎవరైనా పాస్‌పోర్ట్ పని మీద తిరుగుతుంటే ముందు ఇక్కడికి వెళ్లండి. మా అమ్మ 1956లో రంగూన్‌లో పుట్టింది. వేరే చోట అడిగితే "పుట్టిన ఊరు శ్రీకాకుళం అని వేసేద్దాం, టెన్షన్ ఉండదు" అన్నారు. "నేనెక్కడ పుట్టానో దాచుకోవాలేటి బాబూ?" అని అమ్మ లేచి వచ్చేసింది.

ఈ షాపు పెద్దాయన ముందుగా తాత గురించి అడిగారు. తాత రంగూన్ బియ్యం మిల్లులో పనికి వెళ్లేనాటికి బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1937 ఏప్రిల్ 1న విడదీశారు. 1948 జనవరి 4న అది వేరే స్వతంత్ర దేశమైంది. 1950లో మన రాజ్యాంగం వచ్చాక, అక్కడే ఉండిపోయిన మనవాళ్లు 8వ అధికరణం కింద భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుంటేనే భారత పౌరులు. అదీ చేయించుకోక, బర్మా పౌరసత్వమూ దొరక్క ఏ దేశానికీ కాకుండా పోయినవాళ్లున్నారు. మా తాతకు చదువు రాదు. ఆయన చేత నమోదు చేయించిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి.

1964లో బర్మా సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం అక్కడి 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేస్తే తాత దాచిందంతా పోయింది. కట్టుబట్టలతో విశాఖలో ఓడ దిగారు. ఆ నమోదు కాగితం మాత్రం ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. మడతల దగ్గర చిరుగులు పట్టింది. లామినేషన్ చేయించేద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు, ముద్ర అసలుదో కాదో అధికారులు చూడ్డానికి వీలుండదట. పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు వైపులా స్కాన్ చేశారు. దాని మీద తేదీ 1953. "అమ్మా, మీరు పుట్టేసరికే మీ నాన్నగారు భారత పౌరులు. ఆయన ద్వారా మీరూ పౌరులే" అని వేలు పెట్టి చూపించారు. ఇంతకాలం అమ్మకి ఇంత విడమరిచి చెప్పినవాళ్లే లేరు.

పాస్‌పోర్ట్ వచ్చింది, పుట్టిన ఊరు రంగూన్ అనే ఉంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రేట్ల బోర్డు లేదు. స్కానింగ్‌కి విడిగా తీసుకుంటామని ముందే చెప్పాలి. పెద్దవాళ్లు కూర్చోడానికి కుర్చీలు కూడా చాలవు. ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే ఆయన ఏమీ చెప్పరు, ఒరిజినల్స్ పట్టుకెళ్లండి.