“నూరు శాతం సహజం” అని రాసి ఉన్న సబ్బు కొంటున్నారా? ముందు వెనక వైపు చదవండి

పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ, “నూరు శాతం సహజం”, “కెమికల్స్ లేవు”, “సున్నితమైన చర్మానికి” అన్న ముక్కలు కనిపిస్తే చాలామందిమి ఇంకేమీ చూడం. అలాంటి సబ్బే వాడాక నాకు మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రటి దద్దుర్లు లేచాయి. రాత్రిళ్లు దురదతో నిద్ర ఉండేది కాదు. సబ్బు ఆపేశాక కూడా చర్మం మామూలు కావడానికి వారాలు పట్టింది. కంపెనీ పేరు రాయడం లేదు. అదే ఆకు బొమ్మ, అవే మాటలు ఇంకా ఎన్నో పెట్టెల మీద ఉన్నాయి కాబట్టి ఒక్క పేరు చెప్పి వదిలేస్తే ఉపయోగం లేదు.

ముందుగా ఆ కంపెనీ వాళ్లిచ్చిన జవాబు గురించి చెప్పాలి, ఎందుకంటే దద్దుర్ల కన్నా ప్రమాదకరమైంది అదే. ఫొటోలు పంపితే, “మీ చర్మం సహజ పదార్థాలకి అలవాటు పడుతోంది, లోపలి విషాలు బయటికి వస్తున్నాయి, కంగారు పడకుండా ఇంకొన్నాళ్లు వాడండి” అన్నారు. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. ఒంటి మీద ఒక నిమిషం ఉండి నీళ్లతో పోయే సబ్బు లోపలి నుంచి ఏ విషాన్నీ లాగదు. దురద, ఎరుపు, పొలుసులు వస్తున్నాయంటే చర్మం దెబ్బతింటోందని అర్థం. వెంటనే ఆపేయాలి, అంతే.

ఏది పడటం లేదో తెలుసుకోవడానికి స్కిన్ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు ఒళ్లు తడవకుండా ఉంచి, తీసి చూస్తారు. ఆ తర్వాత మళ్లీ ఒకసారి చూస్తారు. నాకు పడనిది లినలూల్ అని తేలింది. ఇది లావెండర్ నూనెలో ప్రధానంగా ఉండే పరిమళ పదార్థం. గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి ఎలర్జీ తెప్పించే రూపంలోకి మారుతుంది. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో ఉండే లిమొనీన్ కథా ఇదే. మరి ఆ సబ్బు పెట్టె ముందు పెద్దక్షరాల్లో ఉన్నదేమిటి? “అసలైన లావెండర్ నూనెతో”. అంటే ఆ ఒక్క విషయంలో వాళ్లు అబద్ధం చెప్పలేదు. నా చర్మానికి పడనిది మొక్క నుంచే వచ్చింది. సహజమైనదైతే సున్నితంగా ఉంటుందన్న లెక్క ఎక్కడా లేదు.

యూరప్ నిబంధనల ప్రకారం ఇలాంటి ఎలర్జీ కారకాలు కడిగేసే ఉత్పత్తుల్లో 0.01 శాతం దాటితే పేరుతో సహా రాయాలి. మొదట 26 పేర్లుండేవి, 2023లో చేసిన మార్పుతో ఆ జాబితా 80 దాటింది. ఇలాంటి నియమం లేని చోట అవన్నీ “పర్ఫమ్” (పరిమళం) అనే ఒక్క మాట వెనక దాక్కోవచ్చు. ఆ ఒక్క మాట కింద పదుల కొద్దీ పదార్థాలుంటాయి.

ఇప్పుడు వెనక వైపు. నా సబ్బు జాబితా దాదాపు ఇలా ఉంది: సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, ఆక్వా, గ్లిజరిన్, పర్ఫమ్, సోడియం క్లోరైడ్, టెట్రాసోడియం ఈడీటీఏ, అలో బార్బడెన్సిస్ లీఫ్ జ్యూస్, లినలూల్, సీఐ 77891, సీఐ 74260. మొదటి రెండూ పామాయిల్, పామ్ గింజల నూనెలతో చేసిన సబ్బు. ఆక్వా అంటే మంచినీళ్లే. సోడియం క్లోరైడ్ అంటే ఉప్పు. ఇక్కడ ఆగండి. జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. ఒక శాతం లోపు ఉన్నవి మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. సబ్బులో ఉప్పు మామూలుగా ఒక శాతం లోపే ఉంటుంది, సబ్బు పాడవకుండా వేసే ఈడీటీఏ అయితే ఇంకా తక్కువ. అంటే వాటి తర్వాత వచ్చిన కలబంద రసం (అలో బార్బడెన్సిస్ అంటే అదే) ఎంతో మీరే ఊహించుకోండి. పెట్టె ముందు సగం మేర కలబంద మట్ట బొమ్మే ఉంది!

ఆ పచ్చ రంగు కలబందది కాదని కూడా అక్కడే తెలుస్తుంది. సీఐ అని ఉన్నవి రంగుల నంబర్లు. సీఐ 74260 అనేది ఫ్యాక్టరీలో తయారయ్యే థాలోసయనైన్ గ్రీన్, 77891 టైటానియం డయాక్సైడ్ తెలుపు. ఈ రంగులు ప్రమాదమని నేననడం లేదు. నా దద్దుర్లకీ వాటికీ సంబంధం లేదు. కానీ ఆకుల పచ్చదనం సబ్బులోని క్షారానికి ఎక్కువ కాలం నిలవదు, మెల్లగా గోధుమ రంగులోకి దిగిపోతుంది. కాబట్టి ఎన్నాళ్లైనా చిలకపచ్చగా మెరుస్తున్న “మూలికల” సబ్బు కనిపిస్తే రంగు నంబరు వెతకండి. సాధారణంగా 75తో మొదలయ్యేవి మొక్కలూ జీవుల నుంచి తీసినవి, 77తో మొదలయ్యేవి ఖనిజ రంగులు.

“కాస్టిక్ సోడా లేదు” అని రాసే వాళ్లూ ఉన్నారు. నూనె, క్షారం కలవందే సబ్బే పుట్టదు. గట్టి సబ్బుకి ఆ క్షారం సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడానే. సరిగ్గా చేస్తే చివరికి అది మిగలదు, అది వేరే సంగతి. ఎంత స్వచ్ఛంగా చేసినా అసలైన సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. అందుకే పొడి చర్మం ఉన్నవాళ్లకి ఒక్కోసారి సోడియం కొకోయిల్ ఐసెథియొనేట్‌తో చేసిన, సబ్బే కాని బార్ నయమనిపిస్తుంది. పేరు వింటే భయమేస్తుంది గానీ దానికీ మూలం కొబ్బరి నూనె ఆమ్లాలే.

ద్రవ రూపంలో ఉండే వాటి మీద “98 శాతం సహజ మూలం” అని కనిపిస్తుంది. ఇలాంటి శాతాలకి ఎక్కువగా వాడే ఐఎస్ఓ 16128 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో నీళ్లని కూడా సహజం కింద లెక్కేసుకోవచ్చు. సీసాలో ఉన్నదే ఎక్కువ భాగం నీళ్లాయె. రసాయనికంగా మార్చిన పదార్థాలకీ అందులో వాటా దొరుకుతుంది. ప్రచార వాక్యాలు తన పరిధిలోకి రావని ఆ ప్రమాణమే చెప్పుకుంది. “ప్రిజర్వేటివ్ లేదు, ద్రాక్షపండు గింజల సారం మాత్రమే” అనే మాట దగ్గరా జాగ్రత్త. ఇక్కడ ద్రాక్షపండంటే పంపరపనస లాంటి గ్రేప్‌ఫ్రూట్, మన నల్ల ద్రాక్ష కాదు. బజారులో దొరికే అలాంటి సారాలని పరీక్షించినప్పుడు కొన్నింటిలో బెంజెథోనియం క్లోరైడ్ లాంటి కృత్రిమ క్రిమినాశకాలు బయటపడ్డాయి. “డెర్మటాలజిస్ట్ టెస్టెడ్” అంటే ఎవరో పరీక్షించారని మాత్రమే, ఏం తేలిందో చెప్పరు.

పరిమళం పడనివాళ్లు “అన్‌సెంటెడ్” చూసి మోసపోకండి. పచ్చి వాసన కప్పడానికి అందులోనూ పరిమళం వేయొచ్చు. “ఫ్రాగ్రెన్స్ ఫ్రీ” అని ఉండాలి, జాబితాలో పర్ఫమ్ గానీ సుగంధ నూనెలు గానీ ఉండకూడదు. కొత్త సబ్బుని ముందు మోచేతి లోపలి వైపు కొద్ది చోట రోజూ రుద్ది కడుగుతూ వారం చూడండి. ఎలర్జీ మొదటి రోజే బయటపడాలని లేదు. జాబితానే ముద్రించని సబ్బు ఎంత అందంగా కట్టి ఇచ్చినా తీసుకోకండి.

వాడటం మొదలుపెట్టాక రేపర్ పారేయకుండా వెనక వైపు ఫొటో తీసి పెట్టుకోండి, బ్యాచ్ నంబరు కూడా కనపడేలా. ఏదైనా తేడా వస్తే డాక్టర్ అడిగేదీ, ఫిర్యాదుకి కావలసిందీ అదే.